పరుగు కొమ్మ

కినాషి
1968 జనవరి 21

తమ్ముడు సుయెకిచికి,

వాతావరణం రాయకుండా అసలు సంగతికి వస్తే అమ్మ తిడుతుంది, అందుకని ముందు అదే రాస్తున్నాను. ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. పొద్దున తొట్టిలో మంచు పలక పగలగొడితే గానీ చెంబు మునగడం లేదు. మీ దీవిలో సముద్రపు గాలి ఇంకెంత కోస్తోందో. బాబాయి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నువ్వు పంపిన సోయా సాస్ జాడీ అందింది. అమ్మ వేలు ముంచి నాకి, "ఉప్పు ఎక్కువేశాడు" అంది. ఆ పూటే దాంతో రెండు గిన్నెల ఉడోన్ నూడుల్స్ లాగించింది. నేను చూడలేదనుకుంది.

ఇక నీ చెట్టు సంగతి. నువ్వు తొమ్మిదేళ్ళప్పుడు తగలబెట్టే కుప్పలోంచి లాక్కొచ్చిన నల్ల పైన్ మొక్క గుర్తుందిగా? కొడవలిలా వంగి ఉండేది. ఒక పక్క వేళ్ళే లేవు. మొదలు దగ్గర ఎలుకలు కొరికిన మచ్చ. "దీన్ని బోన్సాయ్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని నాన్న నవ్వితే, నువ్వు ఏడ్చి గోలచేసి పొలం గట్టున నాటించావు. ఆ వసంతంలోనే నిన్ను బాబాయికి దత్తత ఇచ్చారు. మొక్క నాకు మిగిలింది.

ఇప్పుడు దాని మొదలు నా ముంజేతిని మించింది. అంత లావు ఊరికే రాలేదు. కిందనున్న ఒక కొమ్మకి పదేళ్ళుగా కత్తెర తగలనివ్వలేదు. అదే పరుగు కొమ్మ. అదెంత దూరం పరుగెత్తితే మొదలు అంత బలుస్తుంది. ఇప్పుడది నాకంటే ఎత్తు. "ఇదేం బోన్సాయయ్యా, దీనికి దీపం కట్టు, వీధికి పనికొస్తుంది" అని పక్క పొలం వాళ్ళు వేళాకోళం చేస్తున్నారు. దాని పని అయిపోయింది. ఫిబ్రవరి చివర్లో, చెట్టులో రసం కదలకముందే కోసేస్తాను. ఇంకా ఉంచితే కొమ్మ మెడ ఉబ్బి మొదలు పాడవుతుంది, మచ్చ జన్మలో పూడదు. వేళకి కోస్తే మటుకు అక్కడ ఒక కొమ్మ ఉండేదని చూసేవాళ్ళకి అనుమానం కూడా రాదు.

మీ చిన్నది మియో ఎలా ఉంది? తోకి దానికి ఎర్ర స్వెట్టర్ అల్లింది, ఈ పార్సెల్లో పెట్టాను. మీ వదినకి పొద్దు గడవాలి కదా. ఆ పిల్లకి మట్టిలో ఆడటం ఇష్టమేనా? ఊరికే అడిగానులే.

మీ అన్నయ్య
తత్సుజో

*

షోదో దీవి
1968 ఫిబ్రవరి 4

అన్నయ్యా,

చలి. అంతే వాతావరణం. మిగతాది అమ్మని ఊహించుకోమను.

ఇక్కడి నాన్న మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మెట్లెక్కి సోయా పులిసే పీపాల్లోకి తొంగిచూడొద్దంటే వినడు. "పిండి ఊపిరి తీస్తోందో లేదో మీకేం తెలుసురా" అంటాడు. ఉప్పు సంగతి అమ్మ చెప్పింది నిజమే. నాన్న చేతికి ఉప్పు ఎక్కువైంది, నేను చెప్పలేక ఊరుకున్నాను. ఈ వాక్యం అమ్మకి చదివి వినిపించకు, నెత్తికెక్కి కూర్చుంటుంది.

స్వెట్టర్ తొడుక్కుని మియో వీధంతా ఊరేగింది. దాన్ని విప్పించి స్నానం చేయించడానికి వాళ్ళమ్మ నోబు నానా తంటాలు పడుతోంది. వదినకి చెప్పు. అయితే పెద్దది కజుయె మూతి ముడుచుకుంది. "పెదనాన్న ఇంట్లో అందరూ చెల్లి సంగతే ఎందుకడుగుతారు?" అంది.  "చిన్నది కదా, అందుకే" అని సర్దిచెప్పాను. మట్టి ఇష్టమా అన్నావు. దానికి మట్టి, బురద, పీపాల కింది మడ్డి అన్నీ ఇష్టమే.

నా చెట్టు ఇంకా బతికే ఉందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. నిజం చెప్పనా? దాని ఆకారం నాకు గుర్తులేదు. ఏడ్చింది మాత్రం గుర్తుంది. కోసేశాక ఎలా ఉందో రాయి.

తమ్ముడు
సుయెకిచి

*

కినాషి
1968 ఫిబ్రవరి 18

తమ్ముడికి,

ప్లమ్ పూలు రెండు మూడు విచ్చాయి. చలి మాత్రం వదల్లేదు.

షిగే అత్తయ్య మీ దీవిలోని ఎనభై ఎనిమిది గుళ్ళ యాత్రకి బయలుదేరుతోంది. దారిలో మీ ఇంటికి వస్తే రావచ్చు. ముసలావిడ, నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడుతుంది. టీ ఇచ్చి, విని, పంపించు.

నేను రోజూ గట్టు మీదికి వెళ్ళి నీ చెట్టు చుట్టూ తిరుగుతున్నాను. పదేళ్ళు పెంచిన కొమ్మ కదా, రంపం పట్టుకుంటే మనసు ఒకలా అయింది. నాన్న ఉన్నప్పుడు అనేవాడు, మొదలు నిలవడానికి కొమ్మని వదులుకుంటే పాపం లేదు, పెంచేటప్పుడే ఆ సంగతి తెలిసి పెంచాలి అని. ఆయన మాట ఆయన నోట్లో తేలిగ్గా ఉండేది. ఎండ కాసిన రోజు చూసి కోసేస్తాను.

ఇంకేదో రాద్దామనుకున్నాను. మరిచిపోయాను. బాబాయి మోకాళ్ళు జాగ్రత్త.

అన్నయ్య

*

షోదో దీవి
1968 మార్చి 1

గౌరవనీయులైన తత్సుజో గారికి,

షిగే అత్తయ్యగారు వచ్చారు. యాత్ర తెల్లబట్టల్లో కాదు, పట్టు కిమోనోలో వచ్చారు. మూట విప్పితే జోడు ఎర్రచేపలు, సాకే సారా సీసా, పిల్లని దత్తత అడగడానికి తెచ్చే లాంఛనాలు. అవి చూడగానే నోబుకి విషయం అర్థమైంది. టీ తెచ్చింది మియోనే. మీరు పంపిన ఎర్ర స్వెట్టర్ తొడుక్కుంది. అత్తయ్యగారు దాని చేతులు తిప్పి తిప్పి చూసి, "పైన్ పొలానికి సరిపోయే చేతులు. తత్సుజో ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు లేరు, నీకు ఇద్దరున్నారు కదరా" అన్నారు. పెద్దయ్యాక ఇల్లరికపు అల్లుణ్ణి కూడా ఆవిడే చూసేశారు, మీ పక్క పొలం వాళ్ళ మనవడట.

నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఇలాంటి చేపలే పట్టుకుని మీ గుమ్మం తొక్కింది ఆయనే కదా. ఏ మొహంతో కాదంటాడు?

నేనే కాదన్నాను. చేపలు మూటగట్టి ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే మీ ఉత్తరం వచ్చింది. మొదలు నిలవడానికి కొమ్మని వదులుకుంటే పాపం లేదట. పెంచేటప్పుడే తెలిసి పెంచాలట. బాగా రాశారు. చెట్టు కథ చెప్తున్నారనుకుని జనవరి నుంచి పళ్ళికిలించిన నాదే బుద్ధితక్కువ. ఆ కొమ్మ ఎవరో అప్పుడు తెలిసింది. ఒక కొమ్మ సరిపోలేదు, దాని పిలక కూడా కావలసి వచ్చింది.

స్వెట్టర్ తిప్పి పంపుతున్నాను. మియో ఇవ్వనని ఏడ్చింది.

ఇట్లు
సుయెకిచి

*

కినాషి
1968 మార్చి 9

తమ్ముడూ,

నన్ను మీరు అన్నావు. అక్కడే ఆగిపోయాను, మిగతాది తరవాత చదివాను.

చెట్టు గురించి రాసింది చెట్టు గురించే. అమ్మ మీద ఒట్టు. నిన్ను దెప్పాలనో, దారి వెయ్యాలనో కాదు. కానీ అత్తయ్య సంగతి నాకు తెలియదని మాత్రం చెప్పలేను. తెలుసు. ఆవిడ మా వాకిట్లో కూర్చుని, "వెళ్ళి అడుగుతాను, నువ్వేమంటావురా?" అంది. అమ్మ, తోకి నా మొహం వంక చూస్తున్నారు. నేను చిన్న పైన్‌కి రాగి తీగ చుడుతున్నాను. "తీగ అయిపోయింది, ఇంకో చుట్ట తేవాలి" అని లేచిపోయాను. సామాన్ల కొట్లో నిలబడి, అక్కడున్న తీగనే చూస్తూ ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. కావాలని నేను అనలేదు, వద్దనీ అనలేదు. వద్దనకపోతే కావాలన్నట్టేనని నాకు తెలియదా? తెలిసే లేచిపోయాను. తోకి ఆ స్వెట్టర్ అల్లుతున్నప్పుడు కూడా, "ఎవరికి" అని అడగలేదు నేను.

సిగ్గుగా ఉందిరా. నిన్ను తీసుకెళ్ళిన రోజు అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. అది కళ్ళారా చూసినవాణ్ణి, ఇంకో తల్లి మీదికి అదే పంపించాను.

ఆ ఎండ రోజు వచ్చింది. రంపం పట్టుకుని గట్టుకి వెళ్ళాను. కొమ్మ మీద చెయ్యి వేశాను. నీ ఉత్తరం జేబులో ఉంది. కోయలేక వచ్చేశాను.

తత్సుజో

*

కినాషి
1968 జూన్ 16

తమ్ముడికి,

జవాబు లేదు. ఉండదనే అనుకున్నాను, అయినా పోస్టు సైకిలు చప్పుడైతే లేస్తున్నాను.

వాన పట్టింది. వాతావరణం కూడా తలొంచుకునే ఉంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను, ఈ ఇంటికి ఎవరి పిల్లా అక్కర్లేదు, ఇంకెవరూ ఎక్కడా అడగడానికి వీల్లేదు అని. అమ్మ, "అయితే ఈ పైన్లన్నీ ఎవరికి రా?" అంది. "గాలికి" అన్నాను.  మర్నాడు తోకి స్వెట్టర్‌ని కర్పూరం వేసి పెట్టెలో పెడుతుంటే చూశాను. 

నీ చెట్టు చెడిపోతోంది. దాచను. వసంతం దాటేసరికి పరుగు కొమ్మ రెచ్చిపోయింది. దాని మెడ దగ్గర మొదలు ఉబ్బి, గుడ్లు మింగిన పాములా తయారైంది. పై కొమ్మలకి సత్తువ అందడం లేదు. వీధి దీపం అన్నవాళ్ళు ఇప్పుడు అనడం మానేసి నా వంక జాలిగా చూస్తున్నారు. పైన్లు పెంచే ఇంట్లో పుట్టి, కోతకి వేళ దాటబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నాన్న ఉంటే ఆ రంపంతోనే నా వీపు విమానం మోత మోగించేవాడు.

కోయాలని వెళ్తాను. నువ్వు "కొమ్మ ఎవరో తెలిసింది" అన్నావు చూడు, అది చెవిలో పడుతుంది. వచ్చేస్తాను.

నువ్వు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మియోకి ఎవరి మీదా భయం లేకుండా ఉంటే చాలు.

అన్నయ్య

*

షోదో దీవి
1968 నవంబరు 24

అన్నయ్యా,

ఏడాదిలో ఇదొక్కటే మంచి వాతావరణం. ఆకాశం కడిగినట్టుంది. అందుకే రాయగలుగుతున్నాను.

నీ జూన్ ఉత్తరం నోబు చదివింది. "ఈయన మనకంటే ఎక్కువ ఏడుస్తున్నాడు, ఏదో ఒకటి రాయండి" అని అప్పట్నుంచీ పోరు పెడుతోంది. నేను మొండివాణ్ణి. మన నాన్న పోలిక.

కోపం పోయిందని అబద్ధం ఆడను. కొంత ఉంది. అత్తయ్యని పంపినందుకు కాదు. నన్ను నరికిన కొమ్మ అని నేను కోపంలో రాశాను. నువ్వు వెంటనే నమ్మేశావు! ఒక్క ముక్క కాదనలేదు. అంటే ఇన్నేళ్ళుగా నీ లెక్కలో నేను అదేనన్నమాట. దానికి మండింది.

నన్నెవరూ నరకలేదు. పీకి వేరేచోట నాటారు. మొదటి ఏడాది రేవులో కూర్చుని మీ ఒడ్డు నుంచి తకమత్సు పడవ వచ్చినప్పుడల్లా ఏడ్చాను. ఇక్కడి నాన్న దూరంగా నిలబడి, నా ఏడుపు అయ్యేదాకా ఆగి, ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు. ఆ ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. ఇప్పుడు ఈ పీపాల వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఇదంతా నీకు తెలియదు. ఎందుకంటే నువ్వు అడగలేదు. ఇన్నేళ్ళ ఉత్తరాల్లో, "బాబాయి మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని అడిగావు గానీ, "నువ్వెలా ఉన్నావురా" అని ఒక్కసారి అడిగావా? ఏం జవాబు వస్తుందోనని భయం నీకు.

మియో సంగతి నోబు మాటల్లోనే రాస్తాను: "పిల్లని ఇవ్వం. చూపిస్తాం."

ఫిబ్రవరిలో వస్తున్నాం. నేనూ, మియో. కొమ్మ నేను కోస్తాను. అప్పటిదాకా ముట్టుకోకు, ఎలాగూ ముట్టుకోలేవనుకో. ఒక్క షరతు. అత్తయ్య ఆ రోజు ఏ యాత్రకైనా వెళ్ళాలి. టిక్కెట్లు రాను పోను ఇక్కడే తీసుకుంటున్నాను, రెండూ మియో చేతిలోనే ఉంటాయి.

సుయెకిచి

*

కినాషి
1969 మార్చి 2

తమ్ముడూ,

నువ్వెలా ఉన్నావురా?

ముందు అది రాసి తరవాత వాతావరణం రాస్తున్నాను, అమ్మకి చెప్పకు. ఎండగా ఉంది.

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. తోకి పీతలా పక్కకి పక్కకి నడుస్తూ పనులు చేస్తోంది, ఎవరూ తన మొహం చూడకూడదని. మియో గుమ్మంలోకి వస్తూనే, "నా స్వెట్టర్ ఏది?" అంటుందని మాలో ఎవరు కలగన్నాం? చేతులు పొట్టివైపోయాయి. ఆ రాత్రి తోకి విప్పేసి, మళ్ళీ అల్లి, బయలుదేరే వేళకి చేతిలో పెట్టింది కదా. బస్సు దాకా దాని చెయ్యి పట్టుకుని నడిచింది. బస్సు వచ్చాక వదిలేసింది. వదిలేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. వదలడం తోకికి చేతనైంది.

నువ్వు కోస్తుంటే నేను కొమ్మ పట్టుకున్నాను. సగం కోత కాగానే బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. నువ్వు, "పట్టు వదలకు, బెరడు చీలుతుంది" అన్నావు. పైన్లతో నీకేం సంబంధమని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను గానీ, ఆ మాట అచ్చం నాన్న గొంతే.

మచ్చ అరచెయ్యంత వెడల్పు అయింది. రోజూ లేపనం రాస్తున్నాను. పోయినేడు కోసి ఉంటే పూడేది. ఇక పూడదు. మచ్చ వెనక్కి వెళ్ళేలా చెట్టుని తిప్పి చూశాను. అటువైపు ఎలుకలు కొరికిన పాత మచ్చ ముందుకొస్తోంది. ఏదో ఒకటి కనబడి తీరుతుంది. ఎలుకలది కనబడితే చెట్టు అదృష్టం. ఇది కనబడితే నా పిరికితనం. ఇదే ముందుంచుదామనుకుంటున్నాను.

ఆ కొమ్మ పడవలో ఎందుకు మోసుకెళ్ళావో ఇప్పటికీ అర్థం కాలేదు. సోయాలో జిగురు వాసన పడితే బాబాయి ఇల్లు ఎగరగొట్టేస్తాడు, జాగ్రత్త.

అన్నయ్య

*

కినాషి
1970 మార్చి 15

తమ్ముడికి,

చెర్రీ మొగ్గలు బిగువుగా ఉన్నాయి. ఈ ఉత్తరంతో పాటు పడవలో ఒక చెక్కపెట్టె వస్తోంది. రేవుకి ఇద్దరు మనుషుల్ని పంపు. అది నీ చెట్టు.

పొలంలోంచి తవ్వి పెట్టెలోకి మార్చాను. వేళ్ళకి తెల్లగా బూజులాంటిది పట్టి ఉంటుంది, కడిగేస్తారేమో, చస్తే కడగకండి. అది పైన్‌కి తల్లిపాలు.

పోయినేడాదంతా నువ్వు అడిగినప్పుడల్లా, "ఇంకా తయారవలేదు" అని రాస్తూ వచ్చాను. ఒక మాట చెప్పనా? నల్ల పైన్‌కి ఉప్పుగాలి పడుతుంది. పొలంలో ఉన్నదాన్ని పరుగు కొమ్మతో సహా ఎప్పుడో నీ దగ్గరికి పంపి, అక్కడే పెంచవచ్చు. వచ్చి నేర్పవచ్చు. పంపలేదు. చెట్టు నా దగ్గర ఉన్నంత కాలం నీకు ఉత్తరం రాయడానికి నాకొక సాకు. నిన్ను నేరుగా పలకరించే ధైర్యం లేక దాన్ని మధ్యలో నిలబెట్టాను. నిన్ను పంపేసినందుకు బదులు దాన్ని పంపకుండా పట్టుకున్నాను. పెంచింది నేనే కావచ్చు. కానీ నీ వస్తువు నీకివ్వకుండా ఉంచుకోవడం ప్రేమేమీ కాదు.

ఇక తయారైంది. మంచి చెట్టని చెప్పను. మచ్చ ఎదురుగానే ఉంది. వచ్చిపోయేవాళ్ళు అడిగితే మా అన్నయ్య చేసిన పని అని చెప్పు.

గట్టు చివర గుంట పూడ్చలేదు. రోజూ అటు వెళ్ళి, ఏమీ లేదని గుర్తొచ్చి, తిరిగొస్తున్నాను. రాయడానికి ఇక సంగతులేమీ ఉండవు. అయినా రాస్తాను, ఏమీ అనుకోకు.

అన్నయ్య

*

షోదో దీవి
1970 ఏప్రిల్ 5

అన్నయ్యా,

గాలి, ఎండ, ఆరేసిన దుప్పట్లు. పెరట్లో దండేనికి కింద ఊతం పెట్టింది ఏమిటనుకున్నావు? నీ పరుగు కొమ్మే. అంత పొడుగు కర్ర ఈ ఊళ్ళో కొనబోయినా దొరకలేదు. నోబు దాన్ని ఎవరినీ కదపనివ్వదు.

చెట్టు క్షేమంగా వచ్చింది. రేవులో నలుగురం పట్టుకుంటే గానీ దిగలేదు. నాన్న కర్ర పట్టుకుని వచ్చి చుట్టూ తిరిగి, మచ్చ ముందు ఆగి, చాలాసేపు చూశాడు. "ఇది దాచకుండా పంపాడు చూడు, మీ అన్న" అన్నాడు. తరవాత పోయిన మన నాన్న మాట ఎత్తి, కళ్ళు తుడుచుకున్నాడు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఇక నీతో నా తగాదా. తయారైందని ఎలా రాశావు? మాకైతే అలా కనబడటం లేదు. ఆ మచ్చ కింద, మొదలుకి ఆనుకుని, అగ్గిపుల్ల తలంత మొగ్గ ఒకటి లేచింది. తుంచాలా, పరుగెత్తనివ్వాలా? కజుయె తుంచెయ్యమంటోంది. మియో చెట్టుకి అడ్డంగా నిలబడి, పెదనాన్న చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదంటోంది. చేతిలో నీళ్ళ డబ్బా. పొద్దున్నుంచి ఎన్నిసార్లు పోసిందో నాకు తెలియదు. పెట్టె కింద బురద అవుతోంది. నేను ఆపితే వినదు.

నీళ్ళు ఎంత పోయాలో రాయి. రాసినా మాకు అర్థం కాదు గానీ, నువ్వూ వదినా వచ్చి చూపించండి. టిక్కెట్లు మటుకు రాను పోను తీసుకుని రండి. లేకపోతే మియో మీ ఇద్దరినీ దత్తత తీసుకునేలా ఉంది, జోడు చేపలు ఎక్కడ దొరుకుతాయని వాళ్ళమ్మని అడుగుతోంది.

మీ తమ్ముడు
సుయెకిచి